పొలం అక్కది, కొట్టు తమ్ముడిది

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చి ఒక మెయిల్ చూపించింది. "అక్కా, ఈ అమెరికా రైతమ్మ బిల్లులు పంపినప్పుడల్లా కింద ఒక లైను రాస్తాంది. 'నా లేడీ ఎలా ఉంది?' అని. ఎవర్ని అడుగుతాంది?" అంది. నాకు నవ్వొచ్చింది. సాయంత్రం బండిలో చెప్తానన్నా. చెప్పడం మొదలుపెట్టాక ఆమె దిగే మంగఫ్ వచ్చేసింది, ఆ పిల్ల దిగిపోయింది, నా మాట సగంలోనే ఉండిపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నా.

మేము ఆమెను మేడమక్క అనేవాళ్లం. మేడమ్ అని పిలిస్తే ఆమెకు నచ్చదు. ఉత్త అక్కా అనడానికి మాకు నోరు రాదు. అందుకని రెండూ కలిపేశాం. కోనసీమ మనిషి, యాభై దాటిన వయసు. భర్త ఇక్కడ కువైట్‌లో, అహ్మదిలో ఆయిల్ కంపెనీ కాంట్రాక్టరు దగ్గర ఇంజినీరు. ఆమె ఫహాహీల్‌లో ఉన్న మా ఆఫీసులో సీనియర్ అకౌంటెంట్. నేత చీర, దాని కింద తెల్ల స్పోర్ట్స్ బూట్లు, పైన భర్త స్వెట్టరు. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే లోపల ఏసీకి ఆమె చేతులు రుద్దుకుంటూ కూర్చునేది. జుట్టు ముడేసి ఆ ముడిలో పెన్సిలు దోపుకునేది. కాసేపటికి మర్చిపోయి అదే పెన్సిలు కోసం టేబులంతా వెతికేది, సొరుగులు లాగేది, కుర్చీ కిందకు వంగి చూసేది. మేమెవ్వరం చెప్పేవాళ్లం కాదు.

ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట. "ఆయ్." ఔనంటే ఆయ్, సరేనంటే ఆయ్, అర్థమైందంటే ఆయ్. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన. ఆయన దేనికైనా "ఐవా" అనేవాడు. ఆ మాటకూ అర్థం ఔననే. వాళ్లిద్దరూ ఒక ఫైలు ముందు కూర్చుంటే "ఐవా", "ఆయ్", "ఐవా ఐవా", "ఆయ్ ఆయ్" అంటూ గదంతా ఒప్పందాలే వినిపించేవి. తీరా చూస్తే ఇద్దరూ చెరొకటి అనుకుని లేచేవాళ్లు. ఆయన్ని ఆమె "ముదీర్ గారూ" అని పిలిచేది. ఆ గారూ అనేది పిలుపు వెనక తగిలించే తెలుగు మర్యాద అని తెలుసుకుని, ఆయన కూడా ఆమెను "మేడమ్ గారూ" అనడం నేర్చుకున్నాడు. ఫోనులో వాళ్లావిడతో కోపంగా మాట్లాడేటప్పుడు కూడా ఒకసారి గారూ అన్నాడు.

నేను రాజంపేట దగ్గరి దాన్ని. బీకాం చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చా. చేరిన రోజు నాకు ఆమె పక్కన సీటిచ్చారు. ఒక నీళ్ల బిల్లు చూసి దాన్ని ఏదో ఒక ఖర్చు కింద వేసేశా. ఆమె నా స్క్రీన్ వైపు వంగి చూసింది.

"దీన్ని అడిగావటే?"

"ఎవర్ని మేడం?"

"బిల్లుని. ఎవరి తాలూకమ్మా నువ్వు అని అడిగావా?"

ఆమె వేళాకోళం ఆడుతోందనుకున్నా. కాదు. ఆ ఆఫీసులో ఆమె పని చేసే పద్ధతే అది. వాళ్ల ఊళ్లో పెళ్లికి కొత్త ముఖం వస్తే పెద్దవాళ్లు దగ్గరికి పిలిచి, నువ్వు ఎవరి తాలూకు, మగపెళ్లివారా, ఆడపెళ్లివారా అని కూపీ తీస్తారట. బిల్లునూ అంతే అడగాలంటుంది. ఎవరు కొన్నారు, ఎవరి కోసం కొన్నారు, ఎక్కడ వాడారు. జవాబు దొరికేదాకా ఆ బిల్లును కీబోర్డు కింద పెట్టుకునేది. ఆమె కీబోర్డు ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండేది.

మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన యజమాని, అమెరికాలో చదువుకుని వచ్చిన కువైటీ. అక్కడి స్నేహితుల ద్వారా చిన్న చిన్న వ్యాపారాల లెక్కలు తెచ్చి ఇక్కడ మాచేత రాయించేవాడు. అలా వచ్చిన పెద్ద క్లయింటు ఒక రైతమ్మ. అమెరికా పడమటి అంచున ఎక్కడో ఆమె పొలం. పండించేది హెంప్. ఆ పొలం లెక్కల కోసమే ఆఫీసులో మా జట్టు పెట్టారు. మేడమక్క, నేను, నిజామాబాద్ తమ్ముడొకడు, కేరళ అమ్మాయొకతె.

మొదటి రోజు ముదీర్ హెంప్ అంటే ఏంటో చూద్దామని లాప్‌టాప్‌లో కొట్టాడు. ఏడు వేళ్ల ఆకు బొమ్మ వచ్చింది. టప్పున లాప్‌టాప్ మూసేసి తలుపు వైపు చూశాడు. ఈ దేశంలో గసగసాల పొట్లం సంచిలో ఉన్నా ప్రాణం మీదకొస్తుంది. ఆ ఆకు బొమ్మ ఆఫీసు కంప్యూటర్‌లో ఉండడమా!

"కంగారు పడకండి ముదీర్ గారూ," అంది మేడమక్క. ఆయనకు ద్రాక్షరసం, ద్రాక్షసారా ఉదాహరణ చెప్పింది. మాకు మాత్రం మా భాషలో చెప్పింది. "కొబ్బరిచెట్టు ఉంది కదే. సున్నం రాసిన కుండ కట్టి తెల్లారగట్ల దించితే నీరా. చంటిపిల్లలకైనా పట్టొచ్చు. అదే పులిస్తే కల్లు. చెట్టొకటే, గెలొకటే. నీరా అమ్ముకుంటానంటే గవర్నమెంటు అప్పిచ్చి బండి పెట్టిస్తుంది. కల్లు అమ్మితే లైసెన్సు, ఎక్సైజు, పోలీసు. ఇదీ అంతే. మత్తు దాదాపు లేని రకం హెంప్. నార తీస్తారు, గింజల్లోంచి నూనె తీస్తారు, సబ్బులు చేస్తారు. మత్తున్న రకం గంజాయి. కోతకు ముందు శాంపిలు తీసి పరీక్ష చేస్తారు. మత్తు గీత దాటిందా, పంట దున్నేయాల్సిందే."

"పన్ను కూడా వేరేనా?" అడిగా.

"అసలు తేడా అంతా అక్కడే ఉందే. హెంప్ రైతు మామూలు రైతుతో సమానం. విత్తనం, కూలి, అద్దె, కరెంటు, అన్నీ తీసేసి మిగిలినదానికే పన్ను. గంజాయి కొట్టుకి అక్కడ కొన్ని రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చాయి గానీ, వాళ్ల ఢిల్లీ మాత్రం అది నిషేధమే అంటోంది. నిషేధం అంటూనే పన్ను కట్టమంటుంది. సరుకు ధర ఒక్కటే తీసేయనిస్తుంది. కొట్టు అద్దె కట్టినా కట్టనట్టే, జీతాలిచ్చినా ఇవ్వనట్టే. చేతిలో మిగలని డబ్బుకి కూడా పన్ను కట్టాలి పాపం."

రైతమ్మతో నెలకోసారి ఫోనులో మాట్లాడేవాళ్లం. మాకు సాయంత్రం, ఆమెకు తెల్లవారుతూ ఉండేది. ఆమె పొలంలోంచే మాట్లాడేది. వెనక ట్రాక్టరు, గాలి, కుక్క అరుపు. మేడమక్క ఇంగ్లీషు కూడా గోదావరి మీదుగానే వచ్చేది. మొదట్లో ఒకసారి "మేడమ్, వన్ డౌట్" అంటే రైతమ్మ నొచ్చుకుని, నా మీద మీకు అనుమానమా అంది. "అయ్యో, మీ మీద కాదండీ, బిల్లు మీద," అని ఈమె సర్దిచెప్పింది. అప్పటినుంచి రైతమ్మే ఫోనెత్తగానే "ఇవాళ్టి డౌట్ ఏమిటి, లేడీ?" అని నవ్వేది. లెక్కలు అయిపోయాక ఇద్దరూ వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఇద్దరూ ఫోను పెట్టేవాళ్లు కాదు.

దుమ్ముగాలులు మొదలైన రోజుల్లో, ఒకనాటి ఫోనులో మేడమక్క కీబోర్డు కిందినుంచి ఒక బిల్లు తీసింది.

"మేడమ్, వన్ డౌట్. ఈసారి సెక్యూరిటీ గార్డు బిల్లుందండీ. తుపాకీతో నిలబడే గార్డు. మీ పొలంలో ఎక్కడ నిలబడతాడు?"

"గార్డా? నాకు గార్డెందుకు? కుక్కుంది కదా!"

ఆ కుక్క కూడా అప్పుడే అరిచింది. మేమంతా నవ్వాం. మేడమక్క కూడా నవ్వింది గానీ వదల్లేదు. ఈ బిల్లులన్నీ స్కాన్ చేసి పంపేదెవరండీ అని మెల్లగా అడిగింది. తన తమ్ముడని చెప్పింది రైతమ్మ. నాకు ఆ మెషిను వాడటం రాదు, పాపం వాడే అన్నీ చూసుకుంటాడు అంది.

ఫోను పెట్టాక మేడమక్క మొహంలో నవ్వు లేదు. పాత బిల్లులన్నీ మళ్లీ తీయించింది. సబ్బులు అమ్మే కొట్టనుకుని మేం వేసేసిన ఊరి నడిబొడ్డు అద్దె. రంగు దీపాల బోర్డు. నగదు మోసుకెళ్లే ఇనప వ్యాను బాడుగ. జనపనార లాంటి సరుకు అమ్ముకునే మనిషికి ఇనప వ్యాను ఎందుకు? గంజాయి కొట్లంటే బ్యాంకులకు భయం, అందుకని వాళ్లకు అంతా నగదు మీదే నడుస్తుందని ఆమె ఎప్పుడో చెప్పింది. మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. తమ్ముడు తన కొట్టు ఖర్చులు అక్క పొలం ఖర్చుల్లో కలిపేస్తున్నాడు. తన లెక్కలో ఉంటే చెల్లవు, అక్క లెక్కలో ఉంటే చెల్లుతాయి. ఆ ముసలావిడకు ఈ సంగతే తెలియదు. సంతకం మాత్రం ఆవిడదే.

ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బండిలో మేడమక్క ఇంకా అదే ఆలోచనలో ఉంది. ఉన్నట్టుండి గట్టిగా, "అమ్మాయ్, ఇంక సందేహం లేదే. తమ్ముడిది గంజాయే!" అంది.

బండి కీచుమని ఆగింది. మా డ్రైవరన్న రాయచోటి మనిషి. వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అక్కా, మీకు దండం పెడతా. ఆ మాట నా బండ్లో అనాకండి. ఏ పోలీసోని చెవిన పడినా మనందర్నీ పట్టుకోని పోతారు. నాకు ఇద్దురు బిడ్డలుండారు."

"తెలుగులో అన్నాను కదయ్యా, ఎవరికి తెలుస్తుంది?"

"ఈ దేశంలో సగం బండ్లు తోలేది మన తెలుగోళ్లే గదక్కా!"

దిగేలోపు ఆమె మారుపేర్లు పెట్టేసింది. హెంప్ తోటకూర, రెండోది గోంగూర. మర్నాటినుంచి డ్రైవరన్నే అద్దంలోంచి చూస్తూ, "గోంగూర సంగతి ఏమాయెనక్కా?" అని అడిగేవాడు. భయం పోయి ఆయనకు ఆత్రం పట్టుకుంది.

ముదీర్‌కు మాత్రం మారుపేరు పనిచేయలేదు. సంగతి వినగానే లేచి తలుపు మూశాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, పిరికివాడు. చేతిలో జపం చేసుకునే తస్బీ పూసలు గిరగిరా తిరుగుతున్నాయి.

"మేడమ్ గారూ, మనం ఏమీ చూడలేదు. బిల్లు వచ్చింది, వేశాం, ఖలాస్."

"లా, ముదీర్ గారూ," అంది ఆమె. లా అంటే కాదని. ఆమె నోట ఆ మాట వినడం మాకు అదే మొదలు. ఆయన తస్బీ ఆగిపోయింది. "చూశాం కదండీ. చూసి చూడలేదని ఎలా రాస్తాం? రేపు తనిఖీకి వస్తే పొలం పోయేది ఆ పెద్దావిడది."

"అయితే ఈ క్లయింటే మనకొద్దు. ఇవాళే ఆపేద్దాం. కఫీల్‌కు తెలిస్తే నా ఇఖామా కూడా ఉండదు."

ఆ క్లయింటు పోతే మా జట్టు ఉండదు. నా భర్త సులైబియాలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపరు. ఆయన జీతానికి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. నేను ఇక్కడ ఆయన పక్కన ఉండేది ఇఖామా అనే నా నివాస కార్డు మీదనే. అది పోతే నేను ఊరికి, ఆయన గోడౌన్‌కు. పెళ్లయిన మొదటి ఏళ్లు మేమలానే గడిపాం, ఫోనులో. నిజామాబాద్ తమ్ముడు నోరు తెరిచేశాడు. "గిట్లయితే మా గతేంది మేడం?"

"గురువారం దాకా నాకు వదిలేయండి ముదీర్ గారూ. అప్పటికీ తేలకపోతే మీరన్నట్టే," అంది మేడమక్క.

ఆయన కిటికీలోంచి దుమ్ము పట్టిన సముద్రం వైపు చూసి, "ఐవా," అన్నాడు.

"ఆయ్," అంది ఆమె. ఆ ఒక్కసారి మాత్రం ఇద్దరూ ఒకే మాట మీద లేచారు.

మర్నాడు సాయంత్రం మేడమక్క రైతమ్మకు ఫోను చేసింది. నేను చాటుగా ఏమీ మాట్లాడను, మీరూ వినండని స్పీకరులో పెట్టింది. ముదీర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, మీ తమ్ముడు ఏం వ్యాపారం చేస్తాడండీ?"

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "ఊళ్లో వాడికి కొట్టుంది. లైసెన్సు ఉంది. ఇక్కడ అది తప్పు కాదు."

"తెలుసండీ. నేను తప్పనడం లేదు. కానీ ఆ కొట్టు అద్దె మీ పొలం ఖర్చుల్లో ఉంది. ఆ గార్డు జీతం, ఆ వ్యాను బాడుగ, అన్నీ మీ ఖర్చుల్లోనే ఉన్నాయి. ఆ లెక్క మీద సంతకం పెట్టేది మీరు."

ట్రాక్టరు శబ్దం ఆగిపోయింది. ఆవిడ దిగి ఎక్కడో కూర్చున్నట్టుంది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలంలో మొదలైందండీ. ఈ ఏడాది లెక్క ఇంకా దాఖలు చేయలేదు. ఇప్పుడు సరిచేస్తే ఏ గొడవా లేదు."

"మా అమ్మ పోయేసరికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు," అంది ఆవిడ. "నేనే పెంచాను. అడిగితే ఇచ్చేదాన్ని కదా. అడగకుండా ఎందుకు..."

మేడమక్క కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. ఇంగ్లీషులో ఏం చెప్పాలో వెతుక్కుంటోందని మాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఇలా అంది. "నాకూ తమ్ముడున్నాడండీ. నేనూ ఎత్తుకుని తిప్పాను. అన్నం పెట్టండి మేడమ్, కడుపునిండా పెట్టండి. కానీ కంచం వేరేగా పెట్టండి. మీ కంచంలో చెయ్యి పెట్టనివ్వకండి. సెపరేట్ ప్లేట్, మేడమ్. సెపరేట్ ప్లేట్."

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. కొంచెం సేపటికి నవ్వేనని తేలింది. "సెపరేట్ ప్లేట్," అని ఆవిడ కూడా అంది. "సరే. ఇవాళే మాట్లాడతాను వాడితో."

ఆ మాట్లాడటం ఎలా జరిగిందో మాకు తెలియదు గానీ, మర్నాడు తమ్ముడే ఫోను చేశాడు. నోటికొచ్చినట్టు అరిచాడు. ఎక్కడో ఎడారిలో కూర్చుని మా అక్కాతమ్ముళ్ల మధ్య దూరతారా అన్నాడు. ఆ పన్ను ఎంతో మీకు తెలుసా, నా కొట్టు మూతపడితే పనివాళ్లకు మీరు జీతాలిస్తారా అన్నాడు. కేరళ అమ్మాయి భయపడి స్పీకరు తగ్గించబోతే మేడమక్క వద్దని సైగ చేసింది. టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ అంతా విన్నది. అతనికి ఊపిరి అందక ఆగినప్పుడు సాసరు కింద పెట్టింది.

"బాబూ, నీ సరుకు ఎక్కడిది? కొంటావా, పెంచుతావా?"

ఆ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. "సగం నేనే పెంచుతాను. షెడ్డులో, లైట్ల కింద."

"ఆ లైట్ల కరెంటు ఏ లెక్కలో రాస్తున్నావు?"

"కొట్టు కరెంటుతో కలిపి."

"మట్టి, ఎరువు? మొక్కలు చూసుకునేవాళ్ల జీతం?"

"ఖర్చుల్లో. అవేవీ చెల్లవు. నేను మొత్తుకునేది అదేగా!"

"అవి కొట్టు ఖర్చులు కాదయ్యా. మొక్క పెంచడానికి అయినదంతా సరుకు ధరలో చేరుతుంది. సరుకు ధర తీసేయనిస్తారు కదా. నువ్వు నీకు చెల్లేవి వదిలేసి, చెల్లనివి అక్క మీద వేస్తున్నావు."

మేడమక్క గొంతు ఇంకా మెత్తబడింది. "నీ లెక్క మేం రాయలేం బాబూ. మేమున్న దేశంలో ఆ పేరు ఎత్తడానికే వీల్లేదు. మీ ఊళ్లోనే లైసెన్సున్న మంచి అకౌంటెంటుని చూసుకో. ఇప్పుడు నేనన్న మాట ఆయన్ని అడుగు. నేను తప్పు చెప్పానంటే మళ్లీ ఫోను చేసి ఇంతకంటే గట్టిగా అరువు."

అతను మళ్లీ చేయలేదు. తర్వాత రైతమ్మ ద్వారా తెలిసింది. అతను ముందు పడవ అమ్మాడు. సరదాగా చేపలు పట్టుకునే పడవ. రంగు దీపాల బోర్డు తీయించేశాడు. పన్ను కట్టాడు. కట్టాల్సినదంతా కట్టక తప్పలేదు గానీ, సరుకు లెక్క సరిగ్గా రాయించుకున్నాక అనుకున్నంత భారం మాత్రం పడలేదట. కొట్టు మూతపడలేదు. ఆదివారం భోజనానికి అక్క ఇంటికి వస్తున్నాడు, మొదటి వారం మాత్రం తల దించుకుని తిన్నాడు, అని ఆవిడ చెప్పింది.

మేమేమో పొలం లెక్కలోంచి కొట్టు తాలూకు బిల్లులన్నీ ఏరి వెనక్కి పంపాం. ఏరినన్ని రోజులూ మేడమక్క పులిహోర తెచ్చేది. ముదీర్ ఒక స్పూను రుచి చూసి, ఆ తర్వాత తన డబ్బా తెచ్చుకోవడమే మానేశాడు. గురువారం వచ్చింది, వెళ్లింది. క్లయింటును ఆపేద్దామన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కానీ మా ఇఖామాల గురించి అడిగితే మాత్రం, ఈ క్లయింటు ఎన్నాళ్లుంటుందో తెలియదు, చూద్దాం, ఇన్‌షా అల్లా అనేవాడు. ఆ మాట వచ్చిందంటే పని అవుతుందో అవదో ఎవరూ చెప్పలేరు.

పొలంలో విత్తనం వేసే ముందు రైతమ్మ బ్యాంకులో అప్పుకు పెట్టుకుంది. బ్యాంకాయన పొలానికి వచ్చి లెక్కలన్నీ తిరగేశాడు. హెంప్ అంటేనే సగం అనుమానంగా చూసే మనిషట. గంజాయి కొట్టు ఖర్చు ఒక్కటి కనబడినా ఖాతాయే మూసేసేవాడు. ఏమీ కనబడలేదు. అప్పు వచ్చింది, విత్తనం పడింది. ఆ రోజు ఆవిడ మాకు వీడియో కాల్ చేసింది. ఎర్రగా కందిన మొహం, పెద్ద టోపీ, వెనక దున్నిన నేల. ఇన్నాళ్లూ గొంతు మాత్రమే విన్న మనిషిని చూసి మేడమక్క మురిసిపోయింది. ముడి సర్దుకుంటుంటే పెన్సిలు చేతికి తగిలింది. దాన్ని ఆశ్చర్యంగా చూసి పక్కన పెట్టింది.

"నీకో బహుమతి పంపుతున్నాను," అంది రైతమ్మ. "నా సొంత హెంప్ నూనెతో చేసిన సబ్బులు. పెట్టె మీద ఆకు బొమ్మ కూడా ఎంత బాగా వచ్చిందో!"

"నో! నో! నో సోప్, మేడమ్!" మేడమక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. ముదీర్ తన గదిలోంచి పరుగున వచ్చాడు. "పంపేశారా? పోస్టులో పడేశారా?"

"లేదు, ఇదిగో, కారులో ఉంది."

"కారులోనే ఉంచండి! ఆ పెట్టె ఇక్కడి విమానాశ్రయంలో దిగిందంటే సబ్బు అరిగేదాకా నేను జైల్లోనే ఉంటాను!"

సంగతి అర్థమయ్యాక ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ముదీర్ గోడకు ఆనుకుని అల్‌హందులిల్లా అనుకున్నాడు. "మరి నీకు ఏం పంపను? ఏదో ఒకటి చెప్పు. చెప్పేదాకా ఫోను పెట్టను," అంది రైతమ్మ.

మేడమక్క మా ముగ్గురి వైపూ చూసింది. "ఒక కాగితం పంపండి మేడమ్. ఇకముందు కూడా ఏళ్ల తరబడి మీ లెక్కలు మాతోనే రాయిస్తారని ఒక కాంట్రాక్టు. ఇక్కడ ముగ్గురు పిల్లలున్నారు. కాగితం చూపిస్తేనే వీళ్ల ఇఖామాలు రెన్యువలవుతాయి."

"అంతేనా? రేపే పంపుతాను. అయితే నువ్వు ఇంకా చాలా ఏళ్లు నన్ను డౌట్లు అడుగుతావన్నమాట."

"నేను కాదండీ, వీళ్లు అడుగుతారు. మావారి కాంట్రాక్టు అయిపోయింది. వచ్చే నెల మేం ఇండియా వెళ్లిపోతున్నాం."

అది మాక్కూడా అప్పుడే తెలిసింది. కేరళ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. రైతమ్మ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. అందరి కళ్లూ చూసి మేడమక్కే విసుక్కుంది. "ఏంటర్రా ఈ మొహాలు? ముదీర్ గారూ, అప్పొచ్చింది, విత్తనం పడింది, సమోసాలు తెప్పించరా?"

కాగితం అన్నట్టే వచ్చింది. ముదీర్ దాన్ని కఫీల్‌కు చూపించాడు. మా ముగ్గురి ఇఖామాలూ ఆ నెలలోనే రెన్యువలయ్యాయి. నా భర్త సులైబియానుంచి ఆ రోజు పనిగట్టుకుని వచ్చి, కార్డు తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రికి చేపల పులుసు తనే చేశాడు.

మేడమక్క చివరి రోజున నేను మెట్ల దాకా వెళ్లాను. నా మనసులో ఒకటే తొలుస్తోంది.

"మేడమక్కా, మీ సారు కాంట్రాక్టు అయిపోతుందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"చలికాలంలోనే చెప్పేశారే."

"అంటే ఆ గార్డు బిల్లు రాకముందే! ఎట్లాగూ పోయేవాళ్లు గదా మీరు. ముదీర్ చెప్పినట్టు కళ్లు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆ తమ్ముడితో తిట్లు తినాల్సిన పనేముంది మీకు?"

ఆమె స్వెట్టరు విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. బయట ఎండ తగిలేసరికి చేతులు చాపి హాయిగా ఊపిరి పీల్చింది.

"మరి పొద్దస్తమానం ఆ సీట్లో ఊరికే కూర్చుని నాకు తోచుబడి ఎలాగవుతుందే?" అని పకపకా నవ్వి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. కింద డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు. "వస్తున్నానయ్యా, ఆయ్!" అన్న కేక మెట్లనిండా వినిపించింది.